పట్టాలు తుడిచే వంతు

"ప్రమాదం అని రాసేశాను మేడమ్. ఇక్కడ మీరు చూడాల్సిందేమీ మిగల్లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తలుపుకు అడ్డంగా నిలబడి.

"అంతా అయిపోయినచోట కాపలా ఎందుకు?" అంది జిగురు.

ఆ పేరు ఆమెకు పోలీసు ఉద్యోగంలో ఉండగా వచ్చింది. ఒకసారి పట్టుకుంటే ఓ పట్టాన వదలదని తోటివాళ్లు పెట్టారు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినా పేరు మాత్రం ఆమెను వదల్లేదు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె చేతి కిందే పని నేర్చుకున్నాడు. అతను రాసిన పంచనామాలను ఆమె ఎర్రసిరాతో కొట్టేసిన రోజులు ఇద్దరికీ గుర్తే.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్? పోయినాయన వాళ్లావిడే నిన్న మా స్టేషన్లో సంతకం పెట్టి వెళ్లింది."

"పెట్టి, అక్కణ్ణుంచి సరాసరి నా దగ్గరికొచ్చింది. తప్పుకోండి."

అతను తప్పుకున్నాడు గాని, ఆమె వెంటే లోపలికి వచ్చాడు.

ఒకప్పుడు బట్టల గోదాముగా ఉన్న మేడమీది హాలది. గోడనుంచి గోడదాకా ఇనుప కాళ్ల మీద నిలబెట్టిన చెక్కబల్ల. దాని మీద పట్టాలు, స్టేషను, సిగ్నళ్లు, రెండు వంతెనలు, మధ్యలో నడుము ఎత్తున తెల్లటి కొండ, కొండలో సొరంగం. ఇంజన్లు మూరెడు లోపే ఉన్నాయి; అసలు రైలును ఎనభై ఏడు వంతులు చేస్తే ఒక వంతు. బొమ్మరైళ్ల క్లబ్బు ముప్పై ఏళ్లుగా ఇక్కడే నడుస్తోంది. దాన్ని పెట్టిన పెద్దాయన గురువారం పొద్దున ఈ బల్ల పక్కనే కరెంటు కొట్టి పోయాడు.

కొండ పక్కన స్టూలు మీద ఒకాయన తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. వృత్తికి పళ్ల డాక్టరు, క్లబ్బుకు సెక్రటరీ. శవాన్ని మొదట చూసింది ఆయనే. కళ్లు వాచి ఉన్నాయి. కుడి మణికట్టుకు కట్టు ఉంది.

"చేతికేమైంది డాక్టరుగారూ?"

ఇన్‌స్పెక్టరే అందుకున్నాడు. "అంబులెన్సు వచ్చేదాకా గుండె నొక్కుతూనే ఉన్నాడు. పెద్దాయన పక్కటెముకలు విరిగాయి, ఈయన మణికట్టు బెణికింది. మా కానిస్టేబుళ్లు ఇద్దరు పట్టి లాగితే గాని శవాన్ని వదల్లేదు. మీరు అనుమానించేలోపే చెబుతున్నా."

"నేనింకా ఎవరినీ అనుమానించలేదు. మీకెందుకా కంగారు?"

"ఎందుకంటే మీ సంగతి నాకు తెలుసు."

జిగురు బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. స్టేషను దగ్గర పట్టాల మీద ఒక ఇంజను ఉంది, నీలం రంగుది. దాని ఎదుటే నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం.

"మీ లెక్క చెప్పండి" అంది.

"లెక్కేముంది? ముసలాయన పొద్దున్నే వచ్చాడు, రైలు నడిపాడు. పట్టాలకు కరెంటిచ్చే కంట్రోలరు ఆయనంత ముసలిది. మామూలుగా అందులోంచి వచ్చేది పన్నెండు వోల్టులు, చీమ కూడా చావదు. ఆ రోజు లోపల ఇన్సులేషన్ పోయి ఇంటి కరెంటు నేరుగా పట్టాలెక్కింది. ఈయన ఓ చేత్తో పట్టా ముట్టుకున్నాడు, రెండో చెయ్యి ఇనుప ఫ్రేము మీద ఉంది. డాక్టరుగారు తొమ్మిదింటికి వచ్చి చూస్తే ఇంకేముంది? మా ఎలక్ట్రీషియన్ కూడా పెట్టె విప్పి చూసి ఇన్సులేషన్ పాడయిందనే చెప్పాడు."

"ముప్పై ఏళ్ల పెట్టె ఏది విప్పినా అలాగే ఉంటుంది. ఇంజను ఇక్కడే ఉందా అప్పుడు?"

"ఇక్కడే. ఫొటోలో కూడా ఉంది."

జిగురు ఇంజనును ఎత్తి వెల్లకిలా తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సంచిలోంచి చిన్న బ్యాటరీ తీసి, దాని రెండు తీగలు చక్రాలకు ఆనించింది. ఇంజను ముందున్న ఆవగింజంత దీపం వెలిగింది. చక్రాలు సన్నగా గిర్రుమన్నాయి.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఇంటి కరెంటు పట్టాలెక్కితే మనిషి పోయాడు. పన్నెండు వోల్టులకు చేసిన ఈ బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. అదెలా?"

ఇన్‌స్పెక్టర్ ఇంజనును అందుకుని తానూ వాసన చూశాడు.

"ఆ క్షణంలో ఇది పట్టాల మీద ఉండుంటే మోటారు మాడి, ప్లాస్టిక్ కరిగి, గదంతా కంపు కొట్టేది. మనిషి పోయాక ఎవరో దీన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. పెద్దాయన రైలు నడుపుతూ పోయాడని మీరు అనుకోవాలని పెట్టారు. మీరు అనుకున్నారు కూడా."

ఆమె ఇక అతని మొహం చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి దూరింది. టార్చి వెలుతురులో తీగల అడవి. అన్నిటి మీదా ఏళ్లనాటి దుమ్ము. ఒక్కచోట మాత్రం, గోడలో టంకం పెట్టే కడ్డీకని వాడే ప్లగ్గు దగ్గర్నుంచి స్టేషను కిందిదాకా, వేలెడు వెడల్పున దుమ్ము లేని గీత. ఆ గీత పొడవునా చెక్కకు అక్కడక్కడా గులాబీరంగు మైనం ముద్దలు. పట్టాలకు తీగ బిగించే మర మీద తళతళలాడే కొత్త గీతలు. సొరంగం కింద మూలకు విసిరేసినట్టుగా ఒక గుడ్డపేలిక దొరికింది. ఎండిపోయినా స్పిరిట్ వాసన ఇంకా పోలేదు.

ఆమె బయటికి వచ్చి మోకాళ్లు దులుపుకుంది.

"ఆయన రైలు నడపలేదు, పట్టాలు తుడుస్తున్నాడు. పట్టాలకు మురికి పడితే బొమ్మరైలు కదలదు, స్పిరిట్ గుడ్డతో తుడవాలి. 'తుడిచేముందు కంట్రోలరు ప్లగ్గు పీకకుండా మా ఆయన పట్టా ముట్టుకోడు' అని వాళ్లావిడ నాకు ఒట్టేసి చెప్పింది. పీకే ఉంటాడు. కరెంటు వచ్చింది దాంట్లోంచి కాదు, ఈ రెండో ప్లగ్గులోంచి. కింద మైనంతో అతికించిన తీగను పని అయ్యాక లాగేశారు, కంట్రోలరు ప్లగ్గు మళ్లీ పెట్టారు. ఇది హత్య."

"మైనమా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు గాని, ఆ నవ్వులో పస లేదు. "పళ్లసెట్ల అచ్చుకు వాడే మైనం అది. ఈ క్లబ్బులో చెట్టు నిలబెట్టినా అదే, స్తంభం అతికించినా అదే. కొండ మొత్తం పళ్ల డాక్టరు ప్లాస్టరే. ఆ లెక్కన మిగిలిన పది మంది సభ్యుల్నీ లోపలేయాలి."

"అందుకే మైనం పట్టుకుని ఎవరినీ అనలేదు."

"నేనంటాను" అన్నాడు అతను, గొంతు మార్చి. "ఆ నీలం ఇంజను ఎవరిదో మీకు తెలీదు, నాకు తెలుసు. పెద్దాయన తమ్ముడి కూతురిది. ఫోనుతో నడిచే చిప్పు ఉన్న ఇంజను ఈ క్లబ్బు మొత్తానికి అదొక్కటే. కింద కూర్చోబెట్టాను. ప్రమాదం కాదంటారా, సరే. హత్యయితే హంతకురాలు రెడీ."

ఒక్క నిమిషంలో కేసు తిరగేసి తన ఖాతాలో వేసుకున్నాడు. జిగురుకు లోపల మండింది. తను తవ్విన గోతిలో పడబోయేది ఆ పిల్ల.

కానిస్టేబులు తీసుకొచ్చిన మనిషికి ముప్పై ఏళ్లుంటాయి. వేళ్ల కొసలకు ఎండిన జిగురు, కళ్ల కింద నలుపు. లోపలికి వస్తూనే స్టూలు మీది డాక్టరును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈయన ఉంటే నేను మాట్లాడను."

"నువ్వు మాట్లాడకపోతేనే మాకందరికీ మంచిది" అన్నాడు డాక్టరు. అప్పటిదాకా పెదవి విప్పని మనిషి గొంతు గరగరలాడింది. "నీ మాటలు వినే మావాడు చెడ్డాడు."

"చూశారా? ఆదివారం నుంచీ ఇదే వరస" అంది ఆమె జిగురుతో.

"ఆదివారం ఏమైంది?"

"మీటింగు. వచ్చే నెల ఈ బిల్డింగు పడగొడుతున్నారు. ఇంత పెద్ద బల్లను పెట్టుకునే హాలు ఎక్కడా దొరకదు. ఎలాగోలా షెడ్డు కట్టి కొండతో సహా తరలిద్దామని ఈయన పట్టు. ఇంజన్లు చేసే కంపెనీ చేతులెత్తేసింది, అమ్మే షాపులు మూతపడ్డాయి. ఈ సైజులో ఒక చక్రం విరిగితే ఇంకో ఇంజనును చంపి అతికించాలి. అందుకని దీన్ని కోసేసి, పనికొచ్చేది తీసుకుని, చిన్న సైజుకు మారదామన్నాను. నూట అరవైయో వంతు. ఊరు, స్టేషను, కొండ అన్నీ ఒక సూట్‌కేసులో పడతాయి. ఎవరి ముక్క వాళ్లింట్లో చేసుకుని, నెలకోసారి తెచ్చి కలిపితే పొడుగాటి లైను. కావాల్సిన భాగం ఇంట్లోనే త్రీడీ మెషీను మీద అచ్చు తీసుకోవచ్చు."

"చీమల బారు" అన్నాడు డాక్టరు. "రైలంటే దానికో బరువుండాలి. వంతెన మీద పోతుంటే చప్పుడు గుండెకు తగలాలి. అగ్గిపుల్ల మీద అగ్గిపుల్లను దొర్లించి ఫోన్లో మీట నొక్కితే అది రైలా?"

"ఇంత బరువున్న మీ రైలును చూడ్డానికి పోయినేడాది ఎంతమంది కొత్తవాళ్లొచ్చారు? ఒక్కరు. అది నేనే. బయట అచ్చు మెషీన్లు కొనుక్కుని వంటింటి గట్టు మీద రైళ్లు నడుపుకునేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. మీ గుమ్మం మాత్రం తొక్కరు, ఎందుకంటే గుమ్మంలో మీరు ఉంటారు. రైళ్ల సరదా ఏమీ చావట్లేదు. చస్తున్నది మీ పెత్తనం."

"చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మీటింగులో ఎవరు నెగ్గారు?"

"అయిదుగురు అటు, అయిదుగురు ఇటు. ఆఖరి మాట పెదనాన్నది. 'కొండను మోసుకుపోలేం, పెట్టెను మోసుకుపోగలం. మోయగలిగిందే బతుకుతుంది' అని నావైపు చెయ్యెత్తాడు." ఆమె ఇన్‌స్పెక్టరువైపు తిరిగింది. "నావైపు చెయ్యెత్తిన మనిషిని నేనెందుకు చంపుతాను?"

"అది కోర్టులో చెప్పుకో. నీ ఇంజను అక్కడెందుకుంది?"

"నాకు తెలీదు. అద్దాల బీరువాలో వదిలేసి వెళ్లాను. బీరువాకు తాళం కూడా లేదు."

ఇన్‌స్పెక్టర్ కానిస్టేబులుకు సైగ చేశాడు. జిగురు మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఒక్క ప్రశ్న. ఆ తర్వాత తీసుకుపోండి."

"మీ ఒక్క ప్రశ్నలు నాకు తెలుసు."

"తెలిస్తే ఆగండి." ఆమె ఆ అమ్మాయివైపు తిరిగింది. "గురువారం పట్టాలెందుకు తుడుస్తున్నాడు మీ పెదనాన్న? ఎలాగూ కోసేస్తున్నారుగా?"

"కోసేముందు చివరిసారి అన్ని రైళ్లూ నడపాలనుకున్నాం. మానేసిన పాతవాళ్లను కూడా పిలిచాం. దానికోసం."

"ఆ పని ఎప్పుడూ ఆయనదేనా?"

ఆమె చేతివేళ్లు ఒకదాన్నొకటి నులుముకున్నాయి.

"చెప్పమ్మా. నువ్వు దాచేకొద్దీ ఈ ఇన్‌స్పెక్టరుకే మేలు."

"నాది" అంది చివరికి. "గురువారం తుడవాల్సింది నేను. 'కూల్చమన్నవాళ్లే తుడవాలి' అని మీటింగులో అందరిముందూ ఈ డాక్టరే నాకు అంటగట్టాడు. సరేనన్నాను. బుధవారం సాయంత్రం పెదనాన్న ఫోన్ చేసి, 'నువ్వు రాకు, ఆయన కోపం ఇంకా చల్లారలేదు, పొద్దున్నే మళ్లీ మీ ఇద్దరికీ గొడవెందుకు, నేను తుడిచేస్తా' అన్నాడు. నేను నిద్రపోయాను. నా బదులు ఆయన వచ్చాడు. ఇంకెలా చెప్పుకోను ఈ మాట? పెద్దమ్మ మొహం చూడలేకపోతున్నాను."

"నీ బదులు ఆయన వస్తున్నట్టు ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. మా ఇద్దరికే."

జిగురుకు ఇందాకట్నుంచీ అడ్డం పడుతున్నది ఒక్కటే. ఆ డాక్టరు కన్నీళ్లు. ఆమె ఎందరో దొంగ ఏడుపులు చూసింది. ఇది దొంగ ఏడుపు కాదు. ఎముకలు విరిగేలా స్నేహితుడి గుండె నొక్కిన మనిషి ఆ గుండెను ఆపి ఉండడని, ఇన్‌స్పెక్టర్ అనుకున్నట్టే తానూ అనుకుని ఆయన్ని పక్కన పెట్టేసింది. ఏడుపు నిజమైనంత మాత్రాన చెయ్యి శుభ్రమని ఎక్కడుంది?

ఆమె స్టూలు ముందుకు వెళ్లి నిలబడింది.

"డాక్టరుగారూ, మీరు తొమ్మిదింటికి మెట్లెక్కి వచ్చేటప్పుడు, ఇక్కడ ఎవరు పడి ఉంటారనుకున్నారు?"

డాక్టరు తల వంచుకునే మణికట్టు కట్టు సర్దుకున్నాడు.

"ఈ పిల్ల పడి ఉంటుందనుకున్నారు. ఈమె లేకపోతే పెద్దాయన మనసు విరిగి, మాట వెనక్కి తీసుకుంటాడు, కొండ నిలబడుతుంది. తీరా చూస్తే పడి ఉన్నది మీ ముప్పై ఏళ్ల నేస్తం. నొక్కారు, ఏడ్చారు, అది అబద్ధమని నేననను. కాని అంబులెన్సు మెట్లెక్కేలోపు తీగ లాగేశారు. ప్లగ్గు పెట్టారు. అంత ఏడుపులోనూ ఈమె మీద కక్ష చల్లారక, బీరువాలోంచి ఈమె ఇంజనునే ఏరి మరీ తెచ్చి పెట్టారు."

"నోటికొచ్చింది మాట్లాడకండి" అన్నాడు డాక్టరు. మాటలో వణుకు లేదు. "వాడికోసం ప్రాణమిచ్చేవాణ్ణి. మైనం అందరిదీ, గుడ్డ అందరిదీ. మీరు చెప్పే తీగ ఎక్కడుంది? ఎవరు చూశారు?"

"అదీ పాయింటే మేడమ్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. కాని అతని కళ్లు మొదటిసారి డాక్టరు మీదికి మళ్లాయి. "కథ బాగుంది. చేతికి దొరికేదేదీ?"

చేతికి దొరికేది లేదు. జిగురుకు అది తెలుసు. ఇంకోటి కూడా తెలుసు: గురి తప్పినవాడు, అందులోనూ తప్పిన గురికి సొంతమనిషిని పోగొట్టుకున్నవాడు, ఆ పగను మధ్యలో వదిలేయడు. రెట్టింపు చేసుకుంటాడు.

"ఆ రోజు తర్వాత ఈయన నీకేమైనా ఇచ్చాడా?" అని అమ్మాయినడిగింది.

"నాతో మాట్లాడితేగా ఇవ్వడానికి?"

"మీ ఇంటికొచ్చాడా?"

"నేనుండగా రాలేదు."

"ఇప్పుడింట్లో ఎవరున్నారు?"

"పెద్దమ్మ. ఆ ఇంట్లో ఒక్కతే ఉండలేకపోతోందని మా ఇంటికి తెచ్చుకున్నాను."

"ఫోన్ చెయ్యి. స్పీకర్లో పెట్టు."

అమ్మాయి ఫోన్ను బల్ల అంచున, పట్టాలకు ఎడంగా పెట్టింది. చాలాసేపు మోగింది. డాక్టరు తల మెల్లగా పైకి లేచింది.

"ఏమ్మా, పోలీసులు వదిలేశారా?" అంది ముసలావిడ గొంతు.

"లేదు పెద్దమ్మా. పొద్దున్నించి మనింటికెవరైనా వచ్చారా?"

"డాక్టరుగారొచ్చారు, నువ్వటు వెళ్లగానే. క్లబ్బులో ఎప్పుడో వదిలేశావట నీ కరెంటు పెట్టె, ఆ సూట్‌కేసు రైలుది. బాగుచేసి తెచ్చారు. నీ చేతికే ఇమ్మని మరీ మరీ చెప్పి, వెంటనే వెళ్లిపోయారు. పాపం, మనిషి సగమయ్యాడే."

అమ్మాయి ఫోను మీదికి వంగింది.

"ఆ పెట్టె ఎక్కడుంది పెద్దమ్మా?"

"తిట్టకేం? నువ్వొచ్చేసరికి నడుస్తూ ఉండాలని నేనే పెట్టి చూస్తున్నాను. మీ పెదనాన్న చివర్న చేసిన రైలు కదా, ఒక్కసారి కళ్లారా చూద్దామని. ప్లగ్గు పెట్టాను గాని కదలట్లేదు. కాస్త కాలిన వాసన కూడా వస్తోంది. పట్టాలకు మురికి పడితే ఇంతేనని ఆయన అంటూండేవారుగా, తడిగుడ్డ తెచ్చుకున్నాను. ఇదిగో, తుడుస్తు—"

స్టూలు ఎగిరి వెనక్కి పడింది. అమ్మాయి నోరు పెగిలేలోపే డాక్టరు బల్ల మీద పడ్డాడు. ఆయన మోచేతి కింద తెల్లకొండ అంచు పొడిపొడిగా రాలింది.

"ముట్టుకోకండి వదినా" అని అరిచాడు ఫోన్లోకి. "వెనక్కి జరగండి. దేన్నీ ముట్టుకోకండి. గుడ్డ కింద పడేయండి వదినా, మీ కాళ్లకు దణ్ణం పెడతాను."

అవతల ఏదో మెత్తగా నేల మీద పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. ఇన్‌స్పెక్టర్ మెల్లగా వచ్చి డాక్టరు వెనక నిలబడ్డాడు. జిగురు వేలు పెదవుల మీద పెట్టి, ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

ఫోన్లో ఊపిరి వినపడింది. ముసలావిడ బతికే ఉంది. ఆమె అడిగిన ప్రశ్న ఆ హాలులో అందరికీ స్పష్టంగా వినిపించింది.

"ఎందుకు డాక్టరుగారూ? దీన్ని బాగుచేసింది మీరేగా?"